ఏడో నంబరు కారణం

కిందటి వారం మనం ఆగింది ఒక కాగితం దగ్గర. చెల్లెలు చిట్టి దాన్ని బల్లమీద పరిచి, "చూడవే అక్కా, మీవాళ్ళ నిర్వాకం" అంది. చిట్టి రొమ్ములో గడ్డ తీసేసి నెల దాటింది. ఇక మిగిలింది మందు ఎక్కించడం. ఆ మందుకి జుట్టు రాలిపోతుంది. రాలకుండా ఆస్పత్రిలో ఒక యంత్రం ఉంది. మందు ఎక్కుతున్నంతసేపూ తలకి మంచుగడ్డలాంటి టోపీ బిగించి ఉంచుతారు. ఆ టోపీ ఖర్చు మేం ఇవ్వం పొమ్మని బీమా ఆఫీసు రాసింది. అక్క పని చేసేది ఆ ఆఫీసులోనే. కాగితం అడుగున 'కారణం: ఏడు' అని ఉంది, దాని పక్కన ఫైలు చూసిన ఉద్యోగి గుర్తు. చిట్టి కంటికి ఆ గుర్తు చీమ కాలంత గీత. అక్కకి మాత్రం అది పందొమ్మిదేళ్ళుగా తను వేస్తున్న గుర్తు.

ఆ మాట చెల్లెలితో అనలేకపోయింది. "రేపు కనుక్కుంటాలే" అని ఊరుకుంది.

ఆ రేపు తెల్లారింది. ఎల్లుండి అని చెప్పుకోడానికి లేదు. మర్నాడు ఉదయం ఎనిమిదింటికే చిట్టికి మొదటి మందు.

ఎనిమిదిన్నరకల్లా అక్క ఆఫీసులో ఉంది. ఊడ్చే ఆవిడ ఇంకా బల్లల కిందే ఉంది. "నాకంటే ముందొచ్చారేంటమ్మా, ఇంట్లో ఎవరన్నా తరిమారా?" అంది. అక్క కూచుంది. లేచింది. సీసా నిండా నీళ్ళుండగానే నీళ్ళు తెచ్చుకోడానికి వెళ్ళింది. పడుకోబోయే కుక్క చోటు కుదరక చుట్టూ తిరిగినట్టు తన కుర్చీ చుట్టూ తనే తిరిగి, మళ్ళీ కూచుంది.

ఆమె పని ఎలా ఉంటుందో చెప్పాలి. అది తెలియకపోతే ఆమె చేసిన తప్పు తెలియదు.

తెరమీదకి ఒక ఫైలు వస్తుంది. రోగి పేరు ఉండదు. ఎవరి మనిషో తెలిస్తే చెయ్యి ఒకవైపు ఒరుగుతుందని పేరు కప్పేసి పంపుతారు. వయసు, ఆడో మగో, జబ్బు, ఆస్పత్రి గుర్తు, దాని కింద అడిగినవాటి వరస. చెల్లేవాటిని వదిలెయ్యాలి, చెల్లనిదాని మీద కారణం నంబరు నొక్కాలి. తొమ్మిది కారణాలున్నాయి. ఏడు అంటే 'అందం కోసం చేయించుకునేది'. ముక్కు సరి చేయించుకోవడం, మచ్చలు పోగొట్టుకోవడం, బట్టతలకి జుట్టు నాటించుకోవడం అందులోకి వస్తాయి. ఏది ఏ నంబరులోకి పోతుందో చెప్పే జాబితా ఒకటి పక్కనే తెరిచి ఉంటుంది. ఒక ఫైలు తేలిస్తేనే ఇంకో ఫైలు వస్తుంది. రోజుకి ఎనభై తేల్చాలి. అక్క తొంభై తేలుస్తుంది. అందుకే ఆఫీసులో ఆమెకి జల్లెడ అని పేరు. వెనకాల అనుకునే పేరే గానీ ఆమెకీ తెలుసు, లోపల కాస్త గర్వం కూడా. గింజల్లో రాయి కలవకుండా చూసేది జల్లెడే కదా అనుకునేది. ఒక్కోసారి గింజే లావుగా ఉండి పైన ఆగిపోతుందని ఎప్పుడూ తోచలేదు.

చిట్టి కాగితం మీది నంబరు కొట్టింది. ఫైలు తెరుచుకుంది. ముప్ఫయ్యెనిమిదేళ్ళు. ఆడమనిషి. జబ్బు పేరు. అడిగినవి పద్నాలుగు. పదమూడు వదిలేసి ఉన్నాయి. పద్నాలుగోది 'తల చల్లబరిచే టోపీ, ఆరు విడతలు'. దాని పక్కన ఏడు. అన్నిటికీ అడుగున, పైవాళ్ళు పని వేగం కొలవడానికి పెట్టుకున్న చిన్న అంకె ఉంది. ఆ ఫైలు ఆమె కళ్ళ ముందు ఉన్నంతసేపు అది. పదకొండు సెకన్లు.

ఆ పదకొండు సెకన్లు ఎప్పుడు గడిచాయో గుర్తు తెచ్చుకోబోయింది. కిందటి మంగళవారం, పదకొండుంబావు. టీ వచ్చే వేళ. అంతకుమించి ఏమీ రాలేదు.

సరే, నియమం ఉంది కనక నొక్కాను, అనుకుంది. ఆ నియమం ఎక్కడుందో చూపిస్తే చిట్టి ముందు నిలబడ్డానికి ముఖం ఉంటుంది. బీరువాలోంచి లావుపాటి పాలసీ పుస్తకం తీసింది. ఇన్నేళ్ళలో ఆ పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివిన పాపాన పోలేదు. ఎవరూ పోలేదు. అందరూ చూసేది జాబితానే. పుస్తకంలో టోపీ మాట లేదు. అందం గురించి ఒక పేజీ ఉంది, అందులోనూ లేదు. ఇంకో ఇరవై పేజీలు తిప్పాక రెండు వరసలు కనపడ్డాయి. 'చికిత్స వల్ల శరీరానికి కలగబోయే హానిని ముందుగా ఆపేందుకు వైద్యుడు రాసి ఇచ్చిన సాధనం చికిత్సలో భాగంగానే ఎంచవలెను.'

ఆ వరసలు నాలుగుసార్లు చదివింది. కొత్తగా అద్దాలు మార్చినవాళ్ళు చదివినట్టు దగ్గరగా పెట్టుకుని ఒకసారి, దూరంగా పెట్టుకుని ఒకసారి.

మరి జాబితాలోకి ఎలా వచ్చింది? జాబితాలో ఒక్కో వస్తువు వెనకా అది చేర్చిన తేదీ, చేర్చినవారి గుర్తు ఉంటాయి. ఎవరూ చూడరు. అక్క చూసింది. దొంగ అడుగుల వెంట పోగా పోగా చివరికి తన గుమ్మంలోకే వచ్చి నిలబడ్డట్టయింది.

మూడేళ్ళ కిందటి సంగతి. ఆ రోజు ఆమెకి దవడ పన్ను సలుపుతోంది. పక్క సీటు గుమాస్తా, ముక్కుపొడి అలవాటు, తుమ్ముతూనే అడిగాడు. "మేడం, ఇదేదో కొత్తది వచ్చింది, తలకి చల్లటి టోపీ అట. దేంట్లో పడెయ్యమంటారు?" ఆమె చెంప పట్టుకుని, "దేనికది?" అంది. "జుట్టుకి." "జుట్టుదేగా, జుట్టు నాటించుకునేవాటి పక్కన పడెయ్." తన చేత్తోనే పడేసి, పన్ను చూపించుకోడానికి వెళ్ళిపోయింది. అంతే. ఆ మర్నాటి నుంచి ఆ గదిలో పన్నెండు మంది దాన్ని నియమం అనుకుని ఏడు నొక్కుతున్నారు. ఆమె కూడా.

మధ్యాహ్నం ఒంటిగంటకి కిందనుంచి ఫోను వచ్చింది. చెల్లెలూ మరిదీ వచ్చారని.

చిట్టి బస్సు స్టేషన్లో టికెట్ల కిటికీ దగ్గర పని చేస్తుంది. పొద్దుటి డ్యూటీ దిగి అలాగే వచ్చింది. నీలం యూనిఫాం, గుండెమీద ఇత్తడి బిళ్ళ, బొటనవేలి మీద టికెట్ల సిరా. మరిది లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పనిముట్ల సంచీ భుజాన్నే ఉంది.

"ఏం వదినా, మీ లిఫ్టు మూలుగుతోంది. నూనె చూసి ఎన్నాళ్ళయింది?" ఎవరి ఆఫీసుకెళ్ళినా అతని పలకరింపు అదే. "మేం పట్టుకున్న లిఫ్టు పైకెళ్తుంది, కిందికొస్తుంది. మీ దగ్గర ఫైళ్ళు కిందపడ్డమే గానీ పైకి లేవవేం?"

"నువ్వు కాసేపు నోరు మూసుకుంటే నీకు పుణ్యముంటుంది" అంది చిట్టి. "అక్కా, అప్పీలు మూడింటికి పిలుస్తారుట. నాలుగింటికల్లా మీ ఉత్తరం ఆస్పత్రిలో ఉండాలి. యంత్రాలు రెండే ఉన్నాయిట, అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారుట. మొదటి మందుకి పెట్టకపోతే రెండోదానికి పెట్టినా దండగేనంది నర్సు."

"మొదటి దెబ్బకే కుదుళ్ళు కదిలిపోతాయట వదినా" అన్నాడు మరిది. "ఎండిపోయాక చేనికి నీళ్ళు పెడితే ఏం లాభం?"

జనం తిరిగే చోట మాట్లాడలేక అక్క వాళ్ళని మెట్ల మలుపులోకి తీసుకెళ్ళింది. అక్కడ విరిగిన కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. దిగేటప్పుడు మనసులో కూర్చుకున్న మాట ముందు అనేసింది.

"చిట్టీ, నేను కట్టేస్తాను. ఇప్పుడే పోయి కట్టేద్దాం. ఈ అప్పీళ్ళూ అవీ వద్దు."

"నువ్వెందుకు కడతావు?" చిట్టి నొసలు ముడిపడింది. "పదమూడేళ్ళనుంచి నెలనెలా నా జీతంలో కోసుకుంటున్నారు. టికెట్టు కొనుక్కున్నదాన్ని, ఇంకోళ్ళ ఒళ్ళో కూచుని ఎందుకు ప్రయాణం చెయ్యాలి?"

"నేనూ చెప్పాను వదినా" అన్నాడు మరిది, "ఈ ఎలకతోక జడకి ఇంత రాద్ధాంతం ఏమిటని. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు చాలా ప్రశాంతంగా ఉంది."

చిట్టికి నవ్వొచ్చింది, ఆపుకుంది. "ఎలకతోకే. నాకు తెలీదా? దువ్వెనకి కూడా అలుసే ఈ జుట్టంటే. అక్కా, దీనిమీద నాకేం మోజు లేదు. మా నాలుగో కిటికీ ఆయన కంటికి గంతలాంటి కట్టుతో వచ్చాడు ఒకసారి. టికెట్టు అడిగినవాడల్లా 'అయ్యో, ఏమైందండీ' అన్నాడు. రెండోరోజుకే ఆయన మేనేజరు దగ్గరికెళ్ళి నన్ను పార్సిళ్ళ గదిలో పడెయ్యండి బాబూ అన్నాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, చీకట్లో. నా కిటికీకి రోజుకి తొమ్మిది వందల మంది వస్తారు. జబ్బు నా ఒంట్లో ఉంటే ఉంది, దాని సంగతి డాక్టరు చూస్తాడు. రోజుకి తొమ్మిది వందల అయ్యోలు నేను మొయ్యలేనే."

అక్క విరిగిన కుర్చీ కాలు పట్టుకుంది. అది ఊడి చేతిలోకి వచ్చింది. మళ్ళీ దాన్ని దాని చోట పెట్టబోయింది, నిలవలేదు.

"ఆ ఏడు నొక్కింది నేనే చిట్టీ."

మరిది సంచీ భుజం మార్చుకోబోతూ ఆగిపోయాడు.

చిట్టి గొంతు పెంచలేదు. "నాదని తెలుసా?"

"తెలీదు. పేరు కనపడదు."

"తెలిస్తే?"

అక్క ఊడిన కుర్చీ కాలు గోడకి ఆనించింది.

"తెలిస్తే నొక్కవు. అంటే ఎవరూ కానివాళ్ళకే నొక్కుతావన్నమాట." గుండెమీద బిళ్ళ సరిచేసుకుని, "ఎంతసేపు చూశావు?" అంది.

"పదకొండు సెకన్లు."

"టికెట్టు కొట్టడానికి నాకే ఇరవై పడుతుందే! పెద్దవాళ్ళయితే ఏ గేటు దగ్గర ఎక్కాలో కూడా చెప్తాను."

"ఇంకోటి ఉంది" అంది అక్క. ఒకసారి గట్టు తెగాక ఆగేదేముంది, మొత్తం చెప్పేసింది. నియమం లేదని, పుస్తకంలో ఇంకోలా ఉందని, పన్నునొప్పి, గుమాస్తా, అన్నీ. మరిది పైకి చూశాడు. పైన చూడ్డానికేం లేదు, సున్నం పెచ్చు ఊడిన కప్పు తప్ప.

చిట్టి నవ్వింది. ఆ నవ్వుకంటే రెండు తిట్లు తిట్టినా అక్కకి సులువుగా ఉండేది. "మేమేదో సర్కారు చట్టమనుకుని భయపడి ఛస్తున్నాం. మా అక్క పన్నునొప్పా ఇది!" కళ్ళు తుడుచుకుంది. ఆ నీళ్ళు నవ్వువల్ల వచ్చినవో కావో తెలియలేదు. "సరే. పడేసినదానివి నువ్వే కదా. వచ్చి తియ్యి. పద."

అప్పీళ్ళు వినే డాక్టరు గది కింది అంతస్తులోనే. ఆయన ఒకప్పుడు మనుషుల్ని చూసేవాడు, ఇప్పుడు కాగితాలు చూస్తున్నాడు. అక్కచెల్లెళ్ళిద్దరినీ ఎగాదిగా చూసి, "చుట్టరికం రాయాలమ్మా ముందు. రాయకపోయినా మీ ముక్కులు చెప్పేస్తున్నాయి" అన్నాడు. అక్క రాసింది. పుస్తకంలో ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. జాబితా వెనక తన గుర్తు చూపించింది.

ఆయన చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. గోడమీద గడియారం మూడూ పది.

"మీరు చెప్పింది నిజమే. నిజం కావడమే చిక్కు" అన్నాడు. "జాబితా తప్పు అని మీరు రాస్తే, తప్పు దిద్దే అధికారం నాకు లేదు. కమిటీకి వెళ్ళాలి. కమిటీ మూడు వారాలకోసారి కూచుంటుంది. మొన్ననే కూచుంది."

"నాకు రేపు పొద్దున్నే అండీ" అంది చిట్టి.

"తెలుసమ్మా. అందుకే రెండో దారి చెప్తున్నాను. జాబితా ఒప్పే, ఈమెకి మాత్రం ప్రత్యేకంగా సడలింపు ఇస్తున్నాం, అని రాస్తే అది నేనే ఇవ్వగలను. ఇప్పుడే."

కాగితం అక్క వైపు తిప్పాడు. అచ్చు కొట్టిన వరసలు రెండే. మొదటిది చిట్టికి టోపీ అనుమతిస్తున్నట్టు. రెండోది, 'ఈ వస్తువు జాబితాలో సరైన చోటనే ఉన్నదని పరిశీలించిన ఉద్యోగి ధ్రువీకరించడమైనది.' దానికింద గీత. గీతమీద అక్క సంతకం పడాలి.

"ఈ రెండోది తీసేస్తే?"

"మొదటిది చెల్లదు."

"అంటే అబద్ధం రాస్తే నా జుట్టుంటుంది, నిజం రాస్తే ఊడుతుంది" అంది చిట్టి.

"టోపీ పెట్టినా అందరికీ ఉండదమ్మా. సుమారు సగం మందికి నిలుస్తుంది. ఆ మాట చెప్పకుండా పంపిస్తే తప్పు."

"చోటు దొరుకుతుందో లేదో తెలీకపోయినా బస్సు ఎక్కుతారండీ జనం. ఎక్కనివ్వకపోతేనే ఏడుపు."

అక్క చెల్లెలి వైపు చూసింది. ఏదో ఒకటి చెప్పవే అన్నట్టు చూసింది. చిట్టి గడియారం వైపు తిరిగింది.

"నన్ను అడక్కు. నా నోటితో చెప్పించి నా నెత్తిన పెట్టకు" అంది.

గదిలో పంకా తిరుగుతోంది. కాగితం చివర లేస్తోంది, పడుతోంది. ఆ గీతమీద తను పెట్టబోయే సంతకం చిట్టికొక్కదానికే కాదని అక్కకి తెలుసు. రేపట్నుంచి ఎవరడిగినా, పరిశీలించిన ఉద్యోగే ఒప్పని రాసింది కదా అంటారు. ఇంతకాలం అది తెలియక చేసిన తప్పు. ఇప్పుడు తెలిసి చేస్తోంది. ఇవన్నీ బుర్రలో తిరుగుతుండగానే చెయ్యి కలం తీసుకుంది, సంతకం పెట్టింది. చిన్నప్పుడు చిట్టి నూతిగట్టు ఎక్కి తొంగిచూస్తే ఆలోచించి లాగలేదు, జడ పట్టుకుని లాగింది. ఇదీ అలాగే.

మూడూ ముప్ఫయ్యైదుకి ఉత్తరం ఆస్పత్రికి పోయింది. పావుతక్కువ నాలుగింటికి నర్సు ఫోను చేసింది, అందింది, తలకొలత తీసుకోవాలి, రమ్మని. మరిది అప్పటికే బండి తీయడానికి పరిగెత్తాడు. చిట్టి గుమ్మంలో ఆగింది.

"ఎంతమందే ఇప్పటిదాకా? నాలాంటోళ్ళు."

"చూడలేదు."

"చూడకు. ఇవాళ్టికి చూడకు. రేపు నాకు ఆ టోపీ పెట్టి, మందు మొదలెట్టాక చూసుకో." అక్క మోచెయ్యి ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది. కోపం పోయిందో లేదో ఆ నొక్కులో తెలియలేదు.

నాలుగుంబావుకి అక్క పైకొచ్చి సీట్లో కూచుంది. కూచుందే గానీ కుర్చీ అంచునే ఉంది. ఎదర ఎవరో లేవమంటారన్నట్టు. ఇవాళ తేల్చినవి ముప్ఫయ్యొక్కటి. పక్కసీటు గుమాస్తా, "జల్లెడకి చిల్లులు పూడుకుపోయాయేంటి ఇవాళ" అని గొణిగాడు, తనలో తాననుకుంటున్నాననుకుని. అక్క పని మొదలుపెట్టింది. ఒక మోకాలు. ఒక కాన్పు. రెండిటికీ ఒక్కోదానికి ఆరేసి నిమిషాలు పట్టాయి, ప్రతి వరసా చదివింది కాబట్టి.

మూడోది తెరుచుకుంది.

ఇరవయ్యారేళ్ళు. ఆడమనిషి. అదే జబ్బు. ఆస్పత్రి గుర్తూ అదే. అడిగినవి పదకొండు. కింది నుంచి రెండోది, 'తల చల్లబరిచే టోపీ, ఎనిమిది విడతలు.' మందు మొదలయ్యే తేదీ: రేపు.

చూడకు అని చిట్టి అంది. ఆమె వెతుక్కుంటూ పోలేదు. అదే వచ్చి ఎదురుగా కూచుంది. పక్కకి జరిపి ఇంకో ఫైలు తీసుకోడానికి లేదు. తేల్చాల్సిందే. జాబితాలో ఉన్న వస్తువుని నంబరు లేకుండా వదిలేస్తే తెర ఒప్పుకోదు. ఏడు నొక్కాలి. గంట కిందట ఏడే ఒప్పని సంతకం పెట్టింది. వేలు ఆ మీట మీదికి పోయింది. మీట మీద అంకె అరిగిపోయి ఉంది, సగం ఏడు, సగం ఏమీ కాదు. వేలు అక్కడే ఆగింది. తీస్తే పక్కకి పోవట్లేదు, నొక్కితే కిందికి పోవట్లేదు.

ఒకటే వెసులుబాటు ఉంది. సున్నా నొక్కితే ఫైలు ఆగుతుంది. ఎందుకు ఆపామో మాటల్లో రాయాలి. ఆపిన ఫైళ్ళన్నీ మర్నాడు పదింటికి ఒక్క కట్టగా పైవాళ్ళకి పోతాయి. పదింటికి! అప్పటికి చిట్టి తలమీద టోపీ ఉంటుంది, నరంలోకి మందు దిగుతుంటుంది. ఆ తర్వాత ఎవరు ఏం తెలుసుకుంటే ఏం?

సున్నా నొక్కింది. రాసింది. 'ఈ వస్తువు జాబితాలో పొరపాటున చేరినది. చేర్చినది నేనే. పాలసీ పుస్తకము ప్రకారము ఇది చెల్లును. దీనిపై ఇంతవరకు ఇచ్చిన తిరస్కారములన్నియు తిరిగి చూడవలెను.' కింద తన గుర్తు. పంపింది.

అప్పుడు కుర్చీలో వెనక్కి జారగిలపడింది. పొద్దుట్నుంచి ఆ వీపు కుర్చీకి తగలడం అదే మొదలు. సీసాలో నీళ్ళు సగం తాగింది.

పావుతక్కువ ఆరు అవుతుండగా గుమాస్తా బల్ల సర్దుకుంటూ, "హమ్మయ్య" అన్నాడు. "నెలాఖరు రోజు మాత్రం హాయండీ. ఆపినవన్నీ ఐదింటికే పైకి పోతాయి. రేపటికి నెత్తిన బరువుండదు."

"ఏంటీ?"

"అదేనండీ, నెలాఖరు కదా. ఐదింటి కట్ట."

అందరికీ తెలిసిన సంగతే అది. అక్కకి మాత్రం తెలియదు. పందొమ్మిదేళ్ళలో ఏ నెలాఖరుకీ ఆమె ఒక్క ఫైలు కూడా ఆపి ఎరగదు మరి. ఆపడం చేతగానివాళ్ళ పని అనుకునేది.

ఆమె లేచి నిలబడేసరికి గది అవతలి తలుపు తెరుచుకుంది. అప్పీళ్ళ డాక్టరు. మోకాళ్ళ నొప్పులతో ఆయన మెట్లెక్కగా ఆ గదిలో ఎవరూ చూడలేదు. గోడ పట్టుకుని, ఆయాసపడుతూ, ఒక్కో బల్లా దాటుకుంటూ వచ్చాడు. చేతిలో రెండు కాగితాలు. ఆమె ముందు పక్కపక్కన పెట్టాడు.

"గంట తేడాలో రెండు రాశారమ్మా. రెంటిమీదా మీరే. ఒకదాంట్లో జాబితా ఒప్పు, ఒకదాంట్లో తప్పు. పైవాళ్ళు నాకు ఫోను చేశారు. ఏది అబద్ధమో తేలేదాకా రెండూ ఆపమన్నారు."

"ఆస్పత్రికి వెళ్ళిన ఉత్తరం..."

"అదీ. ఆరింటికల్లా నేను ఆస్పత్రికి చెప్పాలి, అది చెల్లదని." ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. గొంతు తగ్గించాడు. "పావుగంట ఉంది. ఈ ఆపిన ఫైలు తెరవండి. పొరపాటున ఆపాను అని రాసి, ఏడు నొక్కండి. మీ చెల్లెలి ఉత్తరం బతుకుతుంది. వద్దంటే చెప్పండి, కిందికెళ్ళి ఫోను చేసేస్తాను. నేను బలవంతం చెయ్యను."

అక్క ఫైలు తెరిచింది. ఇరవయ్యారేళ్ళు. ఆడమనిషి. సున్నా ఎర్రగా వెలుగుతోంది.

బల్లమీద ఆమె ఫోను మోగింది. చిట్టి. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. డాక్టరు చేత్తో తియ్యమని సైగ చేశాడు.

"అక్కా! కొలత తీశారే. నుదుటికి గట్టిగా ఒక పట్టీ వేసి చూపించారు, అబ్బ, అప్పుడే పళ్ళు కొట్టుకున్నాయి. మీ మరిది ఫొటో తీసి, తలకి తువ్వాలు చుట్టిన పాలవాడిలా ఉన్నానంటున్నాడు." చిట్టి గొంతు ఎన్నాళ్ళకో తేలిగ్గా ఉంది. వెనకాల ఏదో యంత్రం గుర్రుమంటోంది. "నర్సు ఒకటే ఆశ్చర్యపోతోంది, మీ ఆఫీసునుంచి ఈ టోపీకి ఉత్తరం రావడం ఇదే మొదలట. రెండో యంత్రం కోసం ఇక్కడ ఒక అమ్మాయి కూచుని ఉంది. రేపు నా పక్క కుర్చీయేనట. చిన్నపిల్ల అక్కా, పొద్దుటినుంచీ అలాగే కూచుందిట. నర్సుకి మనసొప్పక ఆరింటిదాకా చూస్తానంది. వాళ్ళ ఫైలు కూడా మీ దగ్గరే ఉందట, ఏ సంగతీ తెలియట్లేదట. మా అక్క అక్కడే పని చేస్తుందని నోరు జారాను. ఉండు, ఇస్తున్నా."

"చిట్టీ, వద్దు, ఆగు..."

ఫోను చేతులు మారిన చప్పుడు. ఎవరో గొంతు సవరించుకున్నారు.

"నమస్తే అక్కగారూ" అంది ఒక సన్నటి గొంతు. "మీకు ఇబ్బంది లేకపోతే, మా ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో ఒక్కసారి చూసి చెప్తారా?"

డాక్టరు తన చేతి గడియారం విప్పి, ఆ రెండు కాగితాల మధ్య పెట్టాడు.